మీసాల బాలింతలు

ఆళ్ళగడ్డలో నేను చూసిన మొదటి బాలింతకు మీసాలున్నాయి.

ఈ మాట చెబితే ఇప్పటి నర్సు పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు. ముసలమ్మకు మతి తప్పిందేమో అనుకుంటారు. నవ్వండమ్మా, అప్పట్లో నేనూ నవ్వాను. మొత్తం విన్నాక కూడా నవ్వొస్తే అప్పుడు మళ్ళీ నవ్వుదురుగాని.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మాది నంద్యాల. మా నాయన మిషన్ బడిలో పంతులు. ఆడపిల్ల తన కాళ్ళమీద తను నిలబడాలని పట్టుబట్టి నన్ను మిడ్‌వైఫ్ శిక్షణకు పంపాడు. ఆళ్ళగడ్డ ఆసుపత్రిలో చేరేనాటికి నాకు రెండు గుణాలుండేవి. పుస్తకంలో ఉన్నదంతా నాకు వచ్చుననుకోవడం ఒకటి. ఎక్కడ ఏం జరుగుతున్నా తొంగి చూడకుండా ఉండలేకపోవడం ఇంకొకటి. మొదటిది తొందరగానే వదిలింది. రెండోది ఈ వయసులో కూడా వదల్లేదు, మా కోడల్ని అడగండి.

ఎరుకల గుడిసెల్లో ఎవరికో కాన్పయిందని ఒకరోజు మా ఆయా కబురు తెచ్చింది. ఆమె ఆళ్ళగడ్డ మనిషే, దూదేకుల వాళ్ళావిడ, నోరూ మనసూ రెండూ పెద్దవి. ఇద్దరం బయల్దేరాం. ఊరు దాటాక వాగు గట్టున వాళ్ళ గుడిసెలుండేవి. వెదురుతో, ఈతాకుతో గంపలూ చేటలూ అల్లడం, పందులు మేపుకోవడం వాళ్ళ జీవనం. మాతో మాట్లాడేటప్పుడు తెలుగే మాట్లాడేవారు కానీ, వాళ్ళలో వాళ్ళకు వేరే భాష ఉండేది.

గుడిసె లోపల పట్టపగలే చీకటి. మూలన చిన్న దీపం. మంచం మీద నిండా దుప్పటి కప్పుకుని, చీర అంచు కనిపించేలా ఒక మనిషి గోడవైపు తిరిగి పడుకునుంది. పక్కన పసిగుడ్డు. "ఎట్లుంది తల్లీ, నొప్పి తగ్గిందా?" అంటూ అలవాటు ప్రకారం దుప్పటి మీదనే పొత్తికడుపు నొక్కి చూశాను. కాన్పయిన కడుపు వదులుగా ఉండి, లోపల గర్భసంచి ఉండలా చేతికి తగలాలి. ఇక్కడ వదులూ లేదు, ఉండా లేదు. ఏమైందోనని కంగారుపడి దుప్పటి లాగాను. నుదుట ఇంత బొట్టు, దాని కింద అంత మీసం.

"నేను కాదు నర్సమ్మా," అన్నాడు ఆ మనిషి పాపం, ఎంతో మర్యాదగా. "కన్నది నేను కాదు. ఆమె వాగులో ఈతాకు కోస్తాంది."

నేను నోరు వెళ్ళబెట్టాను. మా ఆయా గడప దాటి బయటికి పోయి, కడుపు పట్టుకుని నవ్వింది. ఇంతలో ఆ కన్నతల్లి నిజంగానే నెత్తిన ఈతాకు మోపుతో వచ్చింది. నాకు కోపం నషాళానికి అంటింది. పచ్చి బాలింతను పనికి పంపి మగవాడు మంచమెక్కుతాడా అని అరిచాను. గుమ్మంలో కూర్చున్న ఒక పెద్దామె నన్ను ఎగాదిగా చూసింది. ఆ గుడిసెల్లో కాన్పులన్నీ ఆమె చేతిమీదే జరిగేవని తర్వాత తెలిసింది.

"ఎందుకట్ల అరుస్తాండావు? ఆయప్ప పండుకోని ఉండాడు కదా. ఇద్దరూ పండుకుంటే ఇల్లెట్ల జరగాల?"

అదీ వాళ్ళ ఆచారం. నొప్పులు మొదలవగానే మొగుడు పెళ్ళాం చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని, చీకట్లో పడుకుంటాడు. బిడ్డ పుట్టగానే తెచ్చి అతని పక్కన వేస్తారు. ఇంగువ, బెల్లం, కారం అన్నీ అతనికే పెడతారు. అప్పటికే చాలాచోట్ల ఇది పోయిందట. ఈ గుడిసెల్లో మాత్రం పోలేదు.

ఎందుకు? అదే నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. పని ఉన్నా లేకున్నా అటు వెళ్ళి అడిగేదాన్ని. కన్నదాన్ని వెతుక్కుంటూ వచ్చే చెడ్డ గాలి, మీసాలు చూసి తికమకపడి పోతుందని ఒకరన్నారు. బిడ్డకు తండ్రి ఎవరో అందరికీ తెలియాలి గదా అని ఇంకొకరు. "మా నాయన పండుకున్యాడు, నేను పండుకున్యా, నా కొడుకు పండుకుంటాడు. నీకేంది నొప్పి?" అన్నాడు వాళ్ళ కులపెద్ద. నెరిసిన మీసాలు, సన్నటి ఒళ్ళు. మాటకు మాట అప్పజెప్పడంలో మా ఆయాకు తమ్ముడనుకోండి.

అడిగి తెలుసుకున్నదానికన్నా చూసి తెలుసుకున్నదే నాకు ఎక్కువ ఆశ్చర్యం. మగవాడు మంచమెక్కిన ఇంట్లో పని ఒక్కటీ ఆగేది కాదు. ఒకరు సంగటి తెచ్చేవారు, ఇంకొకరు అతని పందులు తోలుకుపోయేవారు, అతను అల్లుతూ వదిలేసిన గంపను పక్కింటివాడు తన వాకిట్లో కూర్చుని పూర్తిచేసేవాడు. వాళ్ళేమీ దేవతలు కారు. పొద్దున లేస్తే పందుల దగ్గర పోట్లాట, మధ్యాహ్నం వెదురు దగ్గర పోట్లాట. పొద్దున జుట్లు పట్టుకున్న ఆడది సాయంత్రానికి ఆ ఇంటికే కూడు మోసుకొచ్చేది. ఎవరు ఎవరి ఇంటికి ఏం చెయ్యాలో చెప్పేదెవరని అడిగాను. నా ప్రశ్నే వాళ్ళకు అర్థం కాలేదు.

"ఎవురు చెప్పేది ఏందీ? ఆ ఇంట్లో పొగ ల్యాకపోతే మాకు కండ్లు ల్యావా?" అంది పెద్దామె.

వాళ్ళు అంత దగ్గరగా బతకడానికి ఇంకో కారణం కూడా ఉంది. వాళ్ళ జాతి మొత్తానికి సర్కారు దొంగల ముద్ర వేసి, స్టేషన్లో హాజరు వేయించుకునే చట్టం పోయి అప్పటికి ఎంతో కాలం కాలేదు. చట్టం పోయింది కానీ ఊళ్ళో చూపులు పోలేదు. ఎక్కడ కోడి పోయినా ముందు ఈ గుడిసెలకే వచ్చేవారు. అందరినీ కలిపి తిట్టే లోకంలో అందరూ కలిసి ఉండక చేసేదేముంది? ప్రభుత్వం తరఫున వెళ్ళిన నన్నూ మొదట్లో అలాగే చూశారు. తెల్లచీర కట్టుకున్న పోలీసనుకున్నారేమో.

వాళ్ళ మగవాళ్ళను మంచం దించడం నావల్ల కాదని తేలిపోయింది. అందుకని పెద్దామెతో వేరే బేరం పెట్టాను. "ఆయప్పను లేపొద్దులే అవ్వా. ఆమెను గూడా పక్కనే పండుకోబెట్టండి. ఇద్దరు పండుకోని ఉంటే ఆ గాలి ఇంకా తికమకపడదా?" అన్నాను. తర్వాతి కాన్పుకు వెళ్ళేసరికి ఆ గుడిసెలో రెండు మంచాలున్నాయి. శిక్షణలో నాకు ఎవరూ చెప్పని పాఠం అది.

ఇక అసలు సంగతి.

ఆ పెద్దామెకు ఇద్దరు కొడుకులు. చిన్నవాడు వానలకు ముందు కొత్తపల్లె వైపు బావి తవ్వే పనికి పోయి, మట్టిపెళ్ళలు విరిగిపడి చనిపోయాడు. అతని పెళ్ళాం కడుపుతో ఉంది. చిన్నపిల్ల, మొదటి కాన్పు. నెలలు నిండుతుండగా చూస్తే బిడ్డ అడ్డంగా ఉంది. ఎన్నిసార్లు చూసినా అడ్డంగానే ఉంది. మా డాక్టరుగారిని బతిమాలి తీసుకొచ్చి చూపించాను.

"ఇక్కడ మనవల్ల కాదు. నొప్పులు రాకముందే నంద్యాల చేర్చండి. ఆపరేషన్ కావచ్చు," అన్నారాయన.

ఆ పిల్ల రానంటే రానంది. ఆసుపత్రి భయం కాదు. "నాకెవురు పండుకుంటారు నర్సమ్మా? ఎవురూ పండుకోకుంటే వాళ్ళ నాయన పిలుచుకుంటాడు బిడ్డను. ఆయప్ప ఒక్కడే ఉండాడు కదా ఆడ," అంది. చనిపోయిన మొగుడు తోడు కోసం బిడ్డను తీసుకుపోతాడని ఆమె భయం. ఏడుస్తూ చెప్పి ఉంటే ఏదో ఒకటి సముదాయించేదాన్ని. అన్నం వండలేదని చెప్పినంత మామూలుగా చెప్పింది.

అప్పుడు నేనొక తెలివైన సలహా ఇచ్చాను. అందరూ వింటుండగా, "మీ బావ ఉండాడు కదా, ఆయనే పండుకుంటే పోలా?" అన్నాను.

గుడిసెల్లో ఒక్కసారిగా గగ్గోలు లేచింది. పెద్దకొడుకు తలదించుకుని వాగువైపు వెళ్ళిపోయాడు. అతని పెళ్ళాం, అంటే ఆ పిల్ల తోటికోడలు, చేతిలో చేట పట్టుకుని నా మీదికే వచ్చింది. ఆ పిల్ల కొంగు మొహానికి కప్పుకుని లోపలికి పోయింది. మా ఆయా నా రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చి, దారిలో చెప్పింది. "పండుకున్యోడే బిడ్డకు నాయన, ఆమెకు మొగుడు. నువ్వు నడీదిలో నిలబడి ఆయప్పకు రెండో పెండ్లి చేసొస్తివి తల్లీ."

తర్వాత కొన్నాళ్ళు ఆ తోటికోడలు నేను కనిపిస్తే నేలమీద ఉమ్మేది. ఆ పిల్ల పరీక్షకు కూడా కడుపు చూపించేది కాదు. నాకు నిద్రపట్టేది కాదు. అడ్డం తిరిగిన బిడ్డతో నొప్పులు ముదిరి ఉమ్మనీరు పోతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. ఆ మాట నేను చదువుకున్నాను, ఆ పిల్ల చదువుకోలేదు. తెలిసినదాన్ని కాబట్టి భయమంతా నా ఒక్కదాని మీద పడింది.

వేరుశెనగ పీకుళ్ళు మొదలైన రోజుల్లో ఒక పొద్దున పెద్దామే పరుగెత్తుకుంటూ ఆసుపత్రికి వచ్చింది. నొప్పులు మొదలయ్యాయి. డాక్టరుగారు నంద్యాల బస్సును ఆపిస్తానని బస్సులు ఆగే చోటికి వెళ్ళారు. మేం గుడిసెలకు పరుగెత్తాం. బండి కట్టి సిద్ధంగా ఉంది. ఆ పిల్ల గుడిసె నడిమి గుంజను, నిట్టాడును, రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. వదలదు. నేను లాగాను. బతిమాలాను. చివరికి నోటికొచ్చినట్టు తిట్టాను. "నీ బిడ్డను నువ్వే చంపుకుంటాండావు" అని కూడా అన్నాను. ఆమె నావైపు చూడనైనా లేదు. నొప్పి వచ్చినప్పుడల్లా నిట్టాడుకు తల ఆనించేది.

బయట మగవాళ్ళూ ఆడవాళ్ళూ గుమిగూడి వాళ్ళ భాషలో ఏదో మాట్లాడుకుంటున్నారు. నాకు ఒక్క ముక్క తెలియడం లేదు. పెద్దామె ఏదో అడుగుతోంది, కులపెద్ద తల అడ్డంగా ఊపుతున్నాడు. ఉన్నట్టుండి ఆ తోటికోడలు, నా మీదికి చేట ఎత్తిన ఆమే, గట్టిగా ఏదో అంది. ఆమె తన గుడిసెలోకి పోయి ఒక చీర తెచ్చి మొగుడి మొహాన కొట్టింది. ఇంకో ఆడమనిషి లోపలికి పోయింది. ఇంకొకామె. చూస్తుండగానే వాకిళ్ళలో మగవాడన్నవాడు లేకుండా పోయాడు.

మమ్మల్ని వదిలేసి పోయారనుకున్నాను. ఒళ్ళు మండి, ఒక గుడిసె తడిక తోసి లోపలికి తొంగి చూశాను. మంచం మీద మగవాడు చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని, దుప్పటి కప్పుకుంటున్నాడు. పక్క గుడిసెలోనూ అంతే. దాని పక్కదాంట్లోనూ అంతే. పెళ్ళికాని కుర్రాళ్ళు తల్లుల చీరలు కట్టుకున్నారు. కులపెద్ద మంచం లేక నేలమీద చాప పరుచుకుని, తెల్లమీసాల మీద ఎర్రబొట్టుతో వెల్లకిలా పడుకునున్నాడు.

"ఏందీ సూస్తాండావు?" అన్నాడు నన్ను చూసి. "ఒకడు పండుకుంటే ఆడబిడ్డకు మాటొస్తాది. అందరం పండుకుంటే ఎవురిని అంటారు? పోమ్మా, బేగా పో."

పెద్దామె ఆ పిల్లను నడుం పట్టుకుని, తడికలు ఒక్కొక్కటే పక్కకు జరిపి చూపించింది. ఆ పిల్ల చూసింది. నాలుగైదు గుడిసెలు దాటాక ఇంక చూపించాల్సిన అవసరం లేకపోయింది. తనంతట తానే వచ్చి బండెక్కింది.

ఇంక బండి తోలేదెవరు? మగవాళ్ళంతా బాలింతలాయె. తోటికోడలు చీర ఎగ్గట్టి, బండి ముందుకెక్కి పగ్గాలు పట్టుకుంది. నన్ను చూసి, "మా ఇంట్లోడు ఒక్కడే పండుకుంటే నేనొప్పుకోను. ఊరంతా పండుకుంటే నాకేం నొప్పి?" అని ఎద్దులను అదిలించింది. ఆ ఉపాయం ఆమెదేనని అప్పుడు నాకు తెలిసింది. ఇన్నేళ్ళలో ఎందరో పెద్ద డాక్టర్లను చూశాను. అంత తొందరలో అంత సరైన మందు ఎవరూ రాయలేదు.

బండిని మా ఆయాకు అప్పగించి, బస్సులో వెనక సీటు ఖాళీ చేయించి ఆ పిల్లను పడుకోబెట్టాం. శిరివెళ్ళ దాటేసరికి నొప్పులు దగ్గరపడ్డాయి. ఒక చేత్తో ఆమె చెయ్యి, ఒక చేత్తో సీటు పట్టుకుని, నాకు తెలిసిన కీర్తనలన్నీ లోపల్లోపల పాడుకున్నాను. నంద్యాల ఆసుపత్రిలో నాతోపాటు శిక్షణ పొందిన నర్సే ఉంది. వివరాలు అడిగి, "తోడుగా మగవాళ్ళెవరూ రాలేదా?" అంది.

"యాడొస్తారు? పండుకోని ఉండారు," అంది తోటికోడలు.

"ఎవరు?"

"అందరూ."

నర్సు నావైపు చూసింది. "నిజమే," అన్నాను.

ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. పుట్టగానే ఏడవలేదు, లేడీ డాక్టరు వీపు మీద రుద్ది రుద్ది ఏడిపించారు. ఆ ఏడుపు విని తోటికోడలి రెండు చేతులూ పట్టుకుని ఊపేశాను. ఒక బిడ్డ బతికినందుకు అంత సంతోషం నాకు నా పిల్లలు పుట్టినప్పుడు కూడా కలగలేదంటే మా అబ్బాయి అలుగుతాడు, కానీ నిజం అదే.

మర్నాడు తల్లీబిడ్డలను ఆ నర్సుకు అప్పగించి, నేనూ తోటికోడలూ శుభవార్త మోసుకుంటూ ఆళ్ళగడ్డ వచ్చాం. గుడిసెల దగ్గర ఒక రైతు నిలబడి కేకలేస్తున్నాడు. "శెనక్కాయ పీకుతాండాం, గంపలు ల్యాకపోతే యాడ పొయ్యాల? ఎరుకలోళ్ళంతా సమ్మె చేస్తాండారా ఏంది?" నేను వివరం చెప్పాను. ఆయన నమ్మక ఒక తడిక జరిపి చూసి వచ్చాడు. తలగుడ్డ సవరించుకుని, "బిడ్డ ఎప్పుడొస్తాది?" అని మాత్రం అడిగాడు. అప్పట్నుంచీ రోజూ ఆసుపత్రికి వచ్చి, "మన బిడ్డెట్లుంది?" అని అడిగిపోయేవాడు. ఆయన గంపలు ఆ పసిదాని మీద ఆధారపడి ఉన్నాయి మరి.

తల్లీ బిడ్డా క్షేమం, ఇక లేవండయ్యా అని కులపెద్దకు చెప్పాను. ఆయన లేవలేదు. "బిడ్డ పక్కలోకి రాందే ఎట్ల లేస్తాం?" అన్నాడు. కుట్లు మానేదాకా నంద్యాల నుంచి పంపరు. అన్నాళ్ళూ వాళ్ళు అలాగే ఉన్నారు. పనంతా ఆడవాళ్ళ మీద పడింది. ఈతాకు కోశారు, పందులు తోలారు, అల్లారు, వండారు, పడుకున్నవాళ్ళకు ఇంగువ బెల్లం పెట్టారు, అందరినీ తిట్టారు. "నేను బండి తోలి, నంద్యాల పోయి వస్తి. ఈయప్ప పండుకోని సంగటి అడుగుతాండాడు," అని తోటికోడలు నా దగ్గర మొరపెట్టుకుంది. ఎవరూ చూడనప్పుడు బీడీ కోసం లేచేవాళ్ళ పేర్లు కూడా చెప్పింది. నేను ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

ఆ పిల్ల బిడ్డతో వచ్చిన రోజు డాక్టరుగారు కూడా చూస్తానని నా వెంట వచ్చారు. పెద్దామె పసిదాన్ని చేతుల్లోకి తీసుకుంది. మొదటి గుడిసెలోకి పోయి మంచం మీద మనిషి పక్కన పడుకోబెట్టింది. అతను బిడ్డ తల నిమిరి, లేచి, చీర విప్పి, పంచె కట్టుకుని బయటికి వచ్చాడు. తర్వాత రెండో గుడిసె. తర్వాత మూడోది. ఇంటింటికీ తిరుగుతుంటే ఒక్కొక్కరే ఒళ్ళు విరుచుకుంటూ, ఎండకు కళ్ళు చికిలించుకుంటూ బయటికి వస్తున్నారు. కులపెద్ద బిడ్డను చూసి, "ముక్కు నాదే," అన్నాడు. అందరూ నవ్వారు. ఎన్నో రోజుల తర్వాత ఆ పిల్ల నవ్వడం నేను చూశాను.

చివరికి ఆ పిల్ల గుడిసె మిగిలింది. అందులో లేవాల్సినవాళ్ళు ఎవరూ లేరు కదా, ఇక అయిపోయిందనుకుని నేను తిరిగి పోబోయాను. పెద్దామె ఆగలేదు. తడిక జరిపి లోపలికి పోయింది. లోపల చిన్నకొడుకు మంచం వేసి ఉంది. దానిమీద అతని పంచె నిలువునా పరిచి ఉంది. ఎప్పుడు పరిచిందో, అన్నాళ్ళూ అక్కడ దీపం ఎవరు పెట్టారో నేను గమనించనే లేదు. అన్నీ తొంగి చూసేదాన్ని ఆ ఒక్క గుడిసెలోకి మాత్రం చూడలేదు.

ఆమె బిడ్డను ఆ పంచె పక్కన పడుకోబెట్టింది. ఆ పిల్ల గడపలో నిలబడి చూస్తోంది. బయట మగవాళ్ళంతా నిలబడ్డారు. మిగతా ఇళ్ళలో ఎంతసేపు ఉంచిందో ఇక్కడా అంతసేపూ ఉంచింది. తర్వాత ఖాళీ మంచం మీదికి వంగి, నిద్రపోతున్నవాణ్ణి లేపినట్టు మెల్లగా అంది.

"ఇంగ లెయ్ నాయనా. బిడ్డొచ్చింది."